ఒక తూము, పన్నెండు మళ్లు
బాడుగ ఇంట్లో అందరికీ ఇంటర్నెట్ అందించే పద్ధతి

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే ఆ సీమలో శింగనమల చెరువు లాంటి పెద్ద చెరువు నిండిందంటే ఊరంతా కట్ట మీదికి వస్తుంది. మరవ పారిందంటే పండగే. అయితే నిండిన మర్నాటి నుంచే అసలు పని మొదలవుతుంది. ఆ పని పాతకాలంలో నీరుగంటి చేసేవాడు. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, చిట్టచివరి మడి ఎండకుండా ఎట్లా చూడాలి అన్నది అతని లెక్క. వంతు తప్పి ఎవరైనా కాలువకు గండి కొట్టి నీళ్లు మళ్లించుకుంటే రాత్రికి రాత్రే పంచాయితీ.

బాడుగ ఇంట్లో ఇంటర్నెట్‌కూ ఇట్లాంటి నీరుగంటి కావాలి. తీగ ఒకటే వస్తుంది. దాని మీద ఆధారపడేవాళ్లు పదిమంది, పన్నెండుమంది. తూము పక్కన ఉన్న గదిలో సినిమా ఆగకుండా నడుస్తుంది. మిద్దె పైన చివరి గదిలో ఉన్న అమ్మాయి హాల్‌టికెట్ దింపుకోలేక ఫోను పట్టుకుని వాకిట్లోకి వస్తుంది. ఇద్దరూ కట్టేది ఒకే బాడుగ. యజమాని కంపెనీకి ఫోన్ చేసి ఇంకా పెద్ద ప్లాన్ వేయించుకుంటాడు. నెల తిరిగేసరికి మళ్లీ అదే ఫిర్యాదు. ఇక్కడ నీళ్లు చాలకపోవడం అరుదు. పంపకమే సరిగా ఉండదు.

ఎవరి కోసం ఇదంతా

శింగనమల నియోజకవర్గంలోనే, బుక్కరాయసముద్రం మండలం జంతలూరు దగ్గర ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. పక్కనే ఉన్న అనంతపురంలో జేఎన్‌టీయూ, ఊరి బయట ఇటుకలపల్లి వైపు 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక సొంత ఊరు వదిలి మండల కేంద్రాల్లో గది తీసుకుని ఉంటున్న యువ ఉద్యోగులూ పెరిగారు. వీళ్లలో సొంత కనెక్షన్ పెట్టించుకునేంత కాలం ఒకే చోట ఉండేవాళ్లు తక్కువ. ఏడాదికో, బదిలీ అయితే ఆరు నెలలకో గది మారతారు.

వీళ్లకు నెట్టు కాలక్షేపానికి మించినది. 2025 ఏప్రిల్ 20న 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, పరీక్ష కంప్యూటర్ మీదే. ఇంజనీరింగ్ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, స్కాలర్‌షిప్‌కు పత్రాలు ఎక్కించాలన్నా చివరి తేదీ రాత్రి సర్వర్ మొరాయిస్తుంటే, దానికి తోడు గదిలో నెట్టు కూడా ఆగిపోతే పోయేది ఒక ఏడాది.

చదువుకు నెట్టు ముఖ్యమన్న మాటను ఒక న్యాయస్థానం కూడా చెప్పింది. కేరళలోని కోళికోడ్ జిల్లాలో ఒక కళాశాల హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి 10 దాకా అమ్మాయిలు మొబైల్ వాడకూడదని నిబంధన పెట్టారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమేనని 2019 సెప్టెంబరు 19న కోర్టు తీర్పునిచ్చి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. రాత్రి తొమ్మిదింటికి వైఫై కట్టేసి దాన్ని క్రమశిక్షణ అనుకునే హాస్టల్ యజమానులు ఈ తీర్పు గురించి తెలుసుకోవాలి.

ముందు లెక్క, తర్వాతే ప్లాన్

పదేళ్ల కిందట మండల కేంద్రంలో ఇంటికి వేగమైన నెట్టు అంటే దొరకని వస్తువు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఏపీ ఫైబర్‌నెట్ సంస్థను పెట్టి, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగించింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్టు అన్నది అప్పటి మొదటి ప్లాన్. 2020 సెప్టెంబరులో జియో 399 రూపాయలకు 30 ఎంబీపీఎస్, 699కి 100 ఎంబీపీఎస్ ప్లాన్లు తెచ్చింది. ఊరిని బట్టి బీఎస్ఎన్ఎల్, కేబుల్ ఆపరేటర్లు కూడా ఉంటారు. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి గీచి అడగాలి. లెక్క వేసే తీరు మాత్రం మారదు.

పన్నెండుమంది ఉండే ఇల్లు తీసుకుందాం. మంచి నాణ్యతతో ఒక వీడియో చూడటానికి సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. పన్నెండుమందీ ఒకేసారి చూసినా 60. అంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో ఇంకా 40 మిగులుతుంది.

ఇక నెల మొత్తం వాడకం. అట్లాంటి వీడియో గంట నడిస్తే రెండుంబావు జీబీ ఖర్చవుతుంది. మనిషి రోజుకు మూడు గంటలు చూసినా నెలకు 200 జీబీ పైచిలుకు. పన్నెండుమందికి సుమారు 2,430 జీబీ. ఇంటి ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3,300 జీబీ దాకా పూర్తి వేగం ఉంటుంది. ‘అపరిమితం’ అని పెద్ద అక్షరాల్లో రాసినా ఈ హద్దు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్లాన్ తీసుకునే రోజే దాన్ని చదివి, ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గుతుందో కాగితం మీద రాసుకోవాలి.

డబ్బు లెక్క కూడా ఇంత సులువే. 699 రూపాయల మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 825. పన్నెండుతో భాగిస్తే తలకు 69 రూపాయలు.

ఇంత లెక్క సరిపోయాక కూడా పై గదిలో నెట్టు ఆడటం లేదంటే తప్పు ప్లాన్‌ది అయ్యే అవకాశం తక్కువ. గోడను అనుమానించాలి.

రాతి గోడ, రేకుల షెడ్డు

ఈ ప్రాంతంలో ఇళ్లు రెండు రకాలు. పాత ఇళ్లకు మూరెడు మందం రాతి గోడలు, మట్టి మిద్దె, అడుగున తాడిపత్రి బండలు. కొత్త ఇళ్లకు ఇనుప కమ్మీల కాంక్రీటు, పైన నీళ్ల ట్యాంకు, మెట్ల పక్కన బాడుగకోసం వేసిన రేకుల గది. వైఫైకి ఈ రెండూ ఇబ్బందే.

వైఫైలో ప్రధానంగా రెండు దారులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడను కొంత దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనది, కానీ గట్టి గోడ దగ్గర నీరసపడుతుంది. రాతి గోడ, ఇనుప రేకు, నీళ్ల ట్యాంకు ఈ మూడూ దేన్నైనా మింగేస్తాయి. యజమానులు చాలామంది రూటరును తమ హాల్లో టీవీ వెనక, దేవుడి పటం పక్కన పెట్టించుకుంటారు. కంపెనీ మనిషి తీగ ఎక్కడ దింపితే అదే స్థలం. బాడుగకు ఉన్నవాళ్ల గదులకూ దానికీ మధ్య మూడు గోడలు.

ఇది తేల్చుకోవడానికి ఒక ఆదివారం సాయంత్రం అరగంట చాలు. ఫోన్లో వైఫై బలం చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకుని, రూటరు దగ్గర నుంచి బయలుదేరి ఒక్కో గదిలో, ఒక్కో మంచం దగ్గర నిలబడి చూడాలి. కనిపించే అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలుస్తుంది. మైనస్ 80 దగ్గర వాట్సాప్ సందేశం కూడా తిరుగుతూ ఉంటుంది. ఇంటి పటం ఒక కాగితం మీద గీసి ఏ గదిలో ఎంత వచ్చిందో రాస్తే, ఫిర్యాదులు చేసే గదులూ మైనస్ 75 దాటిన గదులూ ఒకటేనని యజమానికే తెలిసిపోతుంది.

మందు ఏమిటంటే, గాలిలో పోలేనిదాన్ని తీగ మీద పంపడం. కింది రూటరు నుంచి పై అంతస్తుకు క్యాట్ 6 ల్యాన్ కేబుల్ ఒకటి లాగి, అక్కడ నడవా మధ్యలో ఇంకో వైఫై డబ్బా పెట్టాలి. దాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఏ ఇంటికైనా అది ఎక్కువే. ప్లగ్గులో గుచ్చితే చాలని అమ్మే రిపీటర్లు చవకే కానీ, వాటిలో చాలావరకు వచ్చిన దారినే తిరిగి పంపుతాయి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. పక్కపక్క డబ్బాలు, పక్కింటి వైఫై ఒకదాని మీద ఒకటి అరుచుకోకుండా 2.4 లో 1, 6, 11 చానళ్లలో ఒక్కోదానికి ఒకటి ఇవ్వాలి. ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవవు.

అనంతపురం ఎండకాలానికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. ఇళ్లలో వాడే రూటర్లు సాధారణంగా 40 డిగ్రీల వేడి వరకు పనిచేసేలా తయారవుతాయి. మే నెలలో బయటే 40 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి నెట్టు ఆగి, సాయంత్రం దానంతట అదే వస్తోందంటే కంపెనీని తిట్టుకునే ముందు డబ్బా మీద చేయి పెట్టి చూడాలి. రేకుల గదిలో, పడమటి గోడకు, తలుపులున్న చెక్క అలమరలో దాన్ని పెట్టకూడదు. కాస్త గాలాడే చోట, మనిషి ఎత్తులో ఉండాలి.

వంతు ఎలా నిర్ణయించాలి

పన్నెండుమందికీ 60 ఎంబీపీఎస్ సరిపోతుందని లెక్క చెప్పింది. కానీ ఒక ల్యాప్‌టాప్ పెద్ద అప్‌డేట్ దింపుకోవడం మొదలుపెడితే 100కు 100 అదొక్కటే పట్టుకుపోతుంది. పై మడి రైతు కాలువకు గండి కొట్టినట్టే. కంపెనీ ఉచితంగా ఇచ్చే రూటర్లలో చాలావాటికి దీన్ని ఆపే సౌకర్యం ఉండదు. అందుకే బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ ఉన్న రూటరు ఒకటి విడిగా కొని, కంపెనీ డబ్బాకు తగిలించడం మేలు. ఒక్కో పరికరానికి 20 ఎంబీపీఎస్ హద్దు పెడితే ఎవరి పనీ ఆగదు, ఎవరూ మొత్తం తాగేయలేరు.

పాస్‌వర్డ్ విషయంలో మూడు పద్ధతులు చాలు. యజమాని కుటుంబానికి ఒక నెట్‌వర్క్, బాడుగవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టాలి. అప్పుడు ఒకరి కంప్యూటరు ఇంకొకరికి కనిపించదు, యజమాని ఇంట్లోని కెమెరా ఎవరి ఫోన్లోనూ తేలదు. గది ఖాళీ అయిన రోజే పాస్‌వర్డ్ మార్చి మిగతావాళ్లకు చెప్పాలి. రూటరును నడిపే అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే డబ్బా అడుగున అచ్చువేసి వచ్చేది, మొదటి రోజే మార్చేయాలి.

గదుల్లో ఎవరైనా ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే ఆ గదికి నేరుగా ల్యాన్ తీగ ఇవ్వడం ఉత్తమం. ఆ మనిషి సొంత కనెక్షన్ పెట్టుకుంటానంటే గోడకు రంధ్రం కొట్టనివ్వాలి. ‘మా నెట్టే వాడాలి’ అని పట్టుబట్టే యజమాని వంద రూపాయల కోసం ఐదు వేల బాడుగ పోగొట్టుకుంటాడు.

బాడుగలో కలపాలా, విడిగా తీసుకోవాలా

రెండు దారులూ నడుస్తున్నవే. బాడుగలో కలిపేస్తే నెలనెలా వసూలు బాధ ఉండదు. విడిగా తీసుకుంటే లెక్క తేటగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా అసలు ఖర్చు చూపించడం గౌరవం. ఉదాహరణకు రూటరు, రెండో డబ్బా, కేబుల్, బ్యాటరీ అన్నీ కలిపి 7,200 రూపాయలు అయ్యాయనుకుందాం. రెండేళ్లలో రాబట్టుకోవాలంటే నెలకు 300. నెట్టు బిల్లు 825 కలిపితే 1,125. పన్నెండుమంది తలా వంద ఇస్తే 1,200 వస్తుంది. మిగిలే 75 రూపాయలు మరమ్మతులకు. ఈ నాలుగు అంకెలు రాసి చూపిస్తే ‘నెట్టు మీద కూడా లాభం తీస్తున్నాడు’ అన్న మాట రాదు.

మూడు గదులు ఖాళీ అయితే ఉన్నవాళ్ల మీద భారం వేయడం తగదు. ఖాళీ గది నష్టం యజమానిది. ఆ నష్టం తొమ్మిదిమందికి పంచి తలకు 125 అడిగితే, నాలుగో గది కూడా ఖాళీ అవుతుంది.

ఇక్కడ చట్టం వైపు ఒక గీత ఉంది. ఇంటికని తీసుకున్న కనెక్షన్‌ను గంటకు ఇంత, జీబీకి ఇంత అని అమ్మడానికి కంపెనీల షరతులు సాధారణంగా ఒప్పుకోవు. కలిసి ఉండేవాళ్లు ఖర్చు పంచుకోవడం వేరు, అమ్మకం వేరు. పెద్ద హాస్టల్ అయితే వ్యాపార కనెక్షన్ అడిగి, ఎంతమంది వాడతారో దరఖాస్తులోనే చెప్పి, కంపెనీ జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

నిజంగానే అమ్మాలనుకునేవాళ్లకు కూడా దారి ఉంది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పీఎం వాణి పథకాన్ని ఆమోదించింది. టీ అంగడి, కిరాణా కొట్టు, హాస్టల్ ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి వైఫై అమ్ముకోవచ్చు. దానికి లైసెన్సు అక్కర్లేదు, రుసుము లేదు. వాడేవాళ్ల గుర్తింపు, లెక్కలు చూసే బాధ్యత వాళ్లను జతచేసుకునే అగ్రిగేటర్ సంస్థది. కంపెనీలు ఇట్లాంటి చిన్న కొట్లకు భారీ ధరలు చెప్పడంతో, 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ప్లాన్ ధరకు రెట్టింపు మించి వసూలు చేయకూడదని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది.

తాళం వేయాలి, తొంగి చూడకూడదు

2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. అంతకు కొన్ని నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఈమెయిల్ చేరింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు నవీ ముంబైలోని ఒక ఫ్లాట్ తలుపు తట్టారు. అందులో బాడుగకు ఉంటున్నది ఒక అమెరికా దేశస్థుడు. ఆయనకు ఏమీ తెలియదు. ఇంట్లో వైఫైకి సరైన రక్షణ లేకపోవడంతో బయటివాళ్లెవరో దాన్ని వాడుకున్నారు. నిర్దోషి అని తేలేలోగా కంప్యూటర్లు పోలీసుల చేతుల్లోకి వెళ్లాయి, ఆయన ప్రశ్నల మీద ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

కనెక్షన్ ఎవరి పేరున ఉంటే పోలీసులు మొదట వాళ్ల ఇంటికే వస్తారు. కాబట్టి పాస్‌వర్డ్ లేకుండా వైఫై వదలకూడదు. డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ పెట్టుకోవాలి. ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ గదిలో ఉన్నారో బాడుగ పుస్తకంలో ఉంటే, అవసరమైన రోజు అదే యజమానికి రక్ష.

అక్కడితో ఆగాలి. ఎవరు ఏ సైటు చూస్తున్నారో రూటరులో వెతకడం యజమాని పని కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. గది బాడుగకిచ్చాక తలుపు తట్టకుండా లోపలికి వెళ్లరు కదా, నెట్టులోనూ అంతే.

ఎర్ర లైటు ఆడితే

రాత్రి ఎనిమిదిన్నరకు మెట్ల మీద నుంచి పిలుపు వస్తుంది. “అక్కా, నెట్టు రాలేదు.” కింద నుంచి జవాబు. “ఎర్ర లైటు ఆడతాందేమో చూడబ్బా.”

ఆ జవాబు చెప్పగలిగిన యజమానురాలికి సగం పని తెలిసినట్టే. ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు ఆడుతుంటే బయటి నుంచి కాంతి అందడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగింది, లేదా తలుపు సందులో నలిగింది. లోపలున్నది వెంట్రుక లాంటి గాజు పోగు. గట్టిగా మడిస్తే కాంతి అక్కడే పోతుంది. ఇక చేయాల్సింది కంపెనీకి ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోవడమే. పీఓఎన్ అని రాసిన చోట పచ్చ లైటు నిలకడగా ఉండి కూడా నెట్టు లేదంటే బిల్లు గడువు చూడాలి, డబ్బాను ఒక నిమిషం ఆపి మళ్లీ వేయాలి.

కరెంటు పోయినప్పటి సంగతి వేరు. ఫైబర్‌లో వీధి పొడవునా కాంతి ప్రయాణానికి కరెంటు అక్కర్లేదు. ఇంట్లోని డబ్బాలకు మాత్రం కావాలి. వాటిలో చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే కాబట్టి, రూటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ తగిలిస్తే కోత వేళల్లోనూ కొన్ని గంటలు నడుస్తాయి. కొనేముందు అడాప్టరు మీద ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి అవే సరిపోయేది తీసుకోవాలి. పరీక్షల కాలంలో ఇంతకంటే విలువైన ఖర్చు ఆ ఇంట్లో ఇంకొకటి ఉండదు.

తలుపు వెనక కాగితం

బాడుగ ఒప్పందం రాసుకునే రోజే నెట్టు గురించి ఒక పేజీ రాసి, ప్రతి గదిలో తలుపు వెనక అంటించాలి. అందులో ఉండాల్సినవి ఇవి:

1. ప్లాన్ వేగం ఎంత, నెలకు ఎన్ని జీబీల తర్వాత తగ్గుతుంది.
2. ఒక్కో పరికరానికి పెట్టిన హద్దు ఎంత, ఒక మనిషికి ఎన్ని పరికరాలు.
3. తలకు ఎంత, ఏ తేదీలోగా, అందులో బిల్లు ఎంత, సామాను ఖర్చు ఎంత.
4. పాస్‌వర్డ్ బయటివాళ్లకు ఇవ్వకూడదు. బంధువులు వస్తే యజమానికి చెప్పి తీసుకోవాలి.
5. యజమాని ఎవరి వాడకాన్నీ చూడడు.
6. వరుసగా మూడు రోజులు నెట్టు లేకపోతే ఆ నెల ఎంత తగ్గిస్తారు.
7. ఎర్ర లైటు ఆడితే ఎవరికి ఫోన్ చేయాలి, కనెక్షన్ నంబరు ఏది.

ఆరో అంశం రాయడానికి చాలామంది యజమానులు వెనకాడతారు. రాసినవాళ్ల ఇంట్లో మాత్రం, తీగ తెగిన రాత్రి పన్నెండుమంది వాకిట్లో చేరి కేకలు వేయరు. ఒకరు కాగితం చూసి ఫోన్ చేస్తారు, ఫిర్యాదు నంబరు గ్రూపులో పెడతారు, చివరి తేదీ దరఖాస్తు ఉన్న అమ్మాయికి ఎవరో ఒకరు తమ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి పక్కన కూర్చుంటారు.